రాతి మీద అంకె కాదు, పేరుండాలె

(సెప్టెంబర్ 2 పరకాల అమరుల యాదిల విద్యార్థులు, ఉద్యోగుల నడుమ చేసిన ప్రసంగ పాఠం)

 

అమరుల సభ అంటె మనకు అలవాటైన పద్ధతి ఒకటున్నది. దండ ఏస్తం. రెండు నిమిషాలు మౌనం పాటిస్తం. పిడికిలెత్తి జోహార్లంటం. ఇంటికి పోతం. అది తప్పని అంటలేం. కని ఇయ్యాల జర ఎక్కువసేపు ఆగుదాం. ఆ స్తూపం ఎవరిది, ఎవరు కట్టిన్రు, దాని మీద ఏం రాసిన్రు, ఏం రాయలే అని సూద్దాం. ఎందుకంటె తెలంగాణల చచ్చినోళ్ల లెక్క చానసార్లు సంపినోళ్ల చేతులనే ఉండె. ఆ లెక్కను మన చేతులకు తెచ్చుకునే పని ఇంక పూర్తి కాలె.

ముందు పరకాల ముచ్చట. 1947 ఆగస్టు 15న ఢిల్లీల మూడు రంగుల జెండా ఎగిరింది. హైదరాబాద్ సంస్థానంల ఆ జెండా పట్టుకునుడే నేరం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ యూనియన్ల కలువనని కూసున్నడు. స్వామి రామానందతీర్థ నాయకత్వంల స్టేట్ కాంగ్రెస్ జనాన్ని కదిలించింది. యూనియన్ల కలవాలె, జెండా ఎగరేయాలె అని పిలుపిచ్చింది. స్వామీజీని జైల్ల పెట్టిన్రు. అయినా జెండాలు ఆగలె.

ఢిల్లీల జెండా ఎగిరిన 18 రోజులకు, సెప్టెంబర్ 2న, చుట్టుపక్కల ఊర్ల జనం జెండాలు పట్టుకొని పరకాలకు ఊరేగింపుగ వచ్చిన్రు. వాళ్ల చేతుల తుపాకులు లెవ్వు. వచ్చినోళ్లు నాగలి పట్టేటోళ్లు, మగ్గం నేసేటోళ్లు, బడి పిలగాండ్లు. నిజాం పోలీసులు వాళ్ల మీద తూటాలు కురిపించిన్రు. 22 మంది పానాలు పోయినయని పరకాల చెప్పుకుంటది. గాయపడ్డోళ్లు ఇంకెందరో. దేశమంతా స్వతంత్రం వచ్చిందని మిఠాయి పంచుకుంటున్న నెలల మనోళ్లు జెండా కోసం నెత్తురు కక్కిన్రు. దీన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటరు. ఆ పోలిక గొప్పదే. కని ఒక్క మాట అడుగుదాం. జలియన్‌వాలాబాగ్ ముచ్చట దేశంల ప్రతి బడి పిల్లగానికి తెలుసు. పరకాల ముచ్చట పక్క జిల్లాల ఎంతమందికి తెలుసు?

ఇయ్యాల పరకాలల అమరధామం ఉన్నది. ఆనాటి ఘోరాన్ని బొమ్మల్ల చెక్కిన్రు. జెండా పట్టుకున్నోడు, కూలిపోతున్నోడు, తుపాకి గురిపెట్టినోడు, అందరు కనపడుతరు. అది ఎప్పుడొచ్చింది? 2003ల. అప్పటి కేంద్ర సహాయమంత్రి చెన్నమనేని విద్యాసాగర్‌రావు చొరవతోని వచ్చింది. 1947 నుంచి 2003 దాక లెక్కపెట్టుండ్రి. 56 ఏండ్లు. ఆనాడు తూటా తిన్నోని కొడుకు ముసలోడైపోయిండు. ఆ అమరుని పెండ్లాం కండ్లు మూసింది. ఈ 56 ఏండ్లల్ల హైదరాబాద్ రాష్ట్రమొచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఎందరో ముఖ్యమంత్రులు మారిన్రు. 22 మంది పానాలు పోయిన సోట ఒక గుర్తు నిలబెట్టాలన్న సోయి సర్కారుకు రాలె.

ఇగ బైరాన్‌పల్లికి పోదాం. ఇప్పుడది సిద్దిపేట జిల్లాల ఉన్నది. ఆడ స్మారకం ఎవరు కట్టకముందే ఉన్నది. అది ఊరి బురుజు. ఊరిని కాపాడుకునేందుకు గ్రామ రక్షక దళం ఆ బురుజు మీదనే కావలి కాసింది. రజాకార్లు వస్తున్నరంటె డప్పు కొట్టి ఊరిని లేపేటోళ్లు. భర్మార్ తుపాకులు, వడిసెలలు, గుత్పలు, ఇవే వాళ్ల ఆయుధాలు. వాటితోనే అంతకుముందు దాడులను తిప్పికొట్టిన్రు. ఆ కసితోనే రజాకార్లు, నిజాం బలగాలు కలిసి 1948 ఆగస్టు 27న పెద్ద ఎత్తున మీదపడ్డరు. బురుజును కొట్టిన్రు. ఊర్ల దొరికిన మగోళ్లను వరుసల నిలబెట్టి కాల్చిన్రు. ఆడబిడ్డలను చెరపట్టిన్రు. పక్కనున్న కూటిగల్ మీద సుత అదే రోజు పడ్డరు. ఆ తర్వాత 21 రోజులకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయిండు. మూడు వారాలు! మూడు వారాలల్ల పడిపోయే రాజ్యం పోతపోత ఒక ఊరిని మింగింది.

బైరాన్‌పల్లిల ఎంతమంది చచ్చిన్రు? 96 మంది అన్నది ఎక్కువగ వినపడే లెక్క. ఎనభై దాటి అని రాసినోళ్లున్నరు. వందకు పైన అని రాసినోళ్లున్నరు. ఒక ఊరు. ఒక రోజు. అందరు ఒకరికొకరు ఎరుకైనోళ్లే. అసొంటి ఊర్ల సుత లెక్క ఒక్కటిగ రాలేదంటె ఏంది అర్థం? ఆ లెక్కను కాయితం మీదికి ఎక్కించాల్సినోళ్లు సకాలంల ఎక్కించలే. ఇల్లిల్లు తిరిగి పేరు పేరున రాసి ఉంటె, అంకె మీద ఇంత తేడా వచ్చేదే కాదు.

ఈడనే మన అసలు ముచ్చట మొదలైతది. అంకె వేరు, పేరు వేరు.

తెలంగాణ సాయుధ పోరాటంల నాలుగు వేల మంది అమరులైన్రని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంల లెక్కగట్టిండు. 1969ల 369 మంది అని మనం ఏండ్ల నుంచి చెప్పుకుంటున్నం. మలిదశ ఉద్యమంల 1200 అన్న అంకె ఊరూర నినాదమైంది. రాష్ట్రమొచ్చినంక సర్కారు సాయం అందిన కుటుంబాల జాబితా మాత్రం ఆ అంకెకు చేరలె. అప్పుడు ఎదుటోడు ఏమంటడు? మీ లెక్కే తప్పన్నడు. ఉద్యమం ముచ్చట పోయి లెక్క ముచ్చట మిగిలింది. అంకెను ఎవడైన కొట్టేయొచ్చు. పెంచొచ్చు, తగ్గించొచ్చు. తండ్రి పేరు, ఊరు, వయసు, చనిపోయిన తారీఖు రాసి ఉన్న పేరును కొట్టేయరాదు. అది సాక్ష్యం.

ఇంద్రవెల్లిని యాదికి తెచ్చుకుందాం. 1981 ఏప్రిల్ 20. భూమి కోసం సభ పెట్టుకున్న గోండు బిడ్డల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు 13 మంది అన్నది. పౌరహక్కుల వాళ్లు 60 మంది దాక అన్నరు. 13కు 60కి నడుమ 47 మంది మనుషులున్నరు తమ్ముళ్లారా! వాళ్లు ఎవరి బిడ్డలు? ఆడ కట్టిన స్తూపాన్ని ఒకసారి పేల్చేసిన్రు. మల్ల కట్టాల్సి వచ్చింది. ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటె ఆడ నిషేధాజ్ఞలు, పోలీసు పహరా. సచ్చినోళ్లకు దండం పెట్టుకోను పోయేటోళ్లను తొవ్వల ఆపిన్రు. రాయి అంటె సర్కారుకు ఇంత భయమెందుకు? రాయి ఎన్నికలకు మారదు. బదిలీ కాదు. రిటైర్ కాదు. దాని మీద రాసిన పేరు ఎవరు సంపిన్రని దినాం అడుగుతనే ఉంటది.

ఉద్యోగ మిత్రులకు ఈ పేరు విలువ అందరికంటె ఎక్కువ ఎరుక. ఫైలు లేకపోతె మనిషే లేడన్న రాజ్యంల మీరు పనిచేస్తున్నరు. 1972ల కేంద్ర సర్కారు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం పెట్టింది. జైలుకు పోయినోళ్లు ఆర్నెల్ల జైలు శిక్ష రుజువు చూపెట్టాలె. అమరుల కుటుంబాలకు సుత అవకాశమున్నది, కని రుజువు కావాలె. ఇగ చూడుండ్రి. బురుజు మీద నిలబడి చచ్చినోనికి జైలు సర్టిఫికెట్ యాడికెళ్లి వస్తది? కాల్చినోడే రాజ్యమేలుతున్న రోజుల్ల ఏ పోలీస్ పటేల్ ఆ చావును ఉన్నదున్నట్టు రాస్తడు? కొట్లాట అడవులల్ల, కంచెలల్ల, కల్లాలల్ల నడిచింది. రుజువు మాత్రం ఆఫీసుల అడిగిన్రు. దరఖాస్తులు పట్టుకొని తిరిగి తిరిగి ఎందరో ముసలోళ్లు కన్నుమూసిన్రు. పింఛను పైసల కంటె పెద్ద ముచ్చట ఒకటున్నది. నీ మొగడు దేశం కోసం చచ్చిండనేందుకు రుజువేది అని ఒక ముసలమ్మను అడిగినప్పుడు ఆమె గుండె ఎట్ల కోసుకపోయి ఉంటదో ఆలోచించుండ్రి.

ఇంకొక అన్యాయమున్నది. దాన్ని మనం సభలల్ల పెద్దగ మాట్లాడం. 1948 సెప్టెంబర్ 17కు ముందు రజాకార్ల చేతుల, నిజాం పోలీసుల చేతుల చచ్చినోళ్లకు దండ దొరుకుతది. జెండా దొరుకుతది. మంత్రి వస్తడు. సెప్టెంబర్ 17 తర్వాత 1951 అక్టోబర్ దాక యూనియన్ మిలిటరీ, పోలీసుల చేతుల చచ్చినోళ్లకు? వాళ్లు సుత అదే భూమి కోసం కొట్లాడిన్రు. అదే దొర గడి మీదికి పోయిన్రు. ఒక్క ఇంట్ల అన్న రజాకారు తూటాకు పోతె, తమ్ముడు మిలిటరీ తూటాకు పోయిండనుకోండ్రి. అన్నకు స్తూపం, తమ్మునికి కేసు! ఊర్లల్ల ఎర్రజెండా కింద జనం చందాలేసుకొని కట్టుకున్న స్తూపాలే లేకపోతె ఆ తమ్ముని గుర్తే మిగలకపోవు. అందుకే రాతి మీద చచ్చినోని పేరుతోపాటు ఎప్పుడు చచ్చిండు, ఎవరి చేతుల చచ్చిండు అని సుత రాయాలె. తారీఖు లేని అమరుణ్ని ఎవడైన తన పార్టీల కలుపుకుంటడు.

ఇట్ల అంటున్నప్పుడు మతం ముచ్చట రాకుండ ఉండదు. రజాకార్ల అకృత్యాలను ఒక మతం మొత్తానికి అంటగట్టి అమరుల స్తూపాన్ని ఓట్ల బండి చేసుకునేటోళ్లు ఉన్నరు. వాళ్లకు మనం జవాబు చెప్పాలె. బైరాన్‌పల్లి కంటె ఐదు రోజుల ముందు, 1948 ఆగస్టు 22న, హైదరాబాద్ల ఒక మనిషిని సంపిన్రు. ఆయన షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. యూనియన్ల కలవాలె అని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలె అని రాసినందుకు ఆయన చెయ్యి నరికి సంపిన్రు. పత్రికల పనిచేసే మేము ఆయన వారసులమని చెప్పుకుంటం. ఆయనను ఏ మతం లెక్కల రాస్తరు? విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుల గెలిచి, ఆ పగకు బలైన షేక్ బందగీని ఏ లెక్కల రాస్తరు? కామారెడ్డిగూడెం కాడ బందగీ సమాధికి ఇప్పటికి అన్ని కులాలోళ్లు మొక్కుతరు. అది ఏ సర్కారు కట్టిన స్మారకం కాదు, జనం నిలుపుకున్నది.

అట్లనే పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాలను సుత దాచొద్దు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ సంస్థానంల 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిన్రని అంచనా కట్టింది. చచ్చినోళ్లల్ల ముస్లింలే ఎక్కువ. ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నయి. ఆ నివేదిక దశాబ్దాలు బీరువాల్ల మగ్గింది. వాళ్లకు ఏ ఊర్ల ఏ రాయి ఉన్నది? బైరాన్‌పల్లి కోసం ఏడ్చే కండ్లకు వాళ్ల కోసం సుత ఏడ్చే తడి ఉండాలె. ఒకరి చావు రాస్తె ఇంకొకరి చావు చిన్నగ కాదు. ఒకరి చావు దాస్తె మాత్రం రెండోది అబద్ధం లెక్క కనపడతది.

సెప్టెంబర్ 17 పేరు మీద జరిగిన లొల్లి మనందరికి ఎరుకే. మహారాష్ట్ర సర్కారు మరాఠ్వాడల పండుగ చేసింది. కర్ణాటక సర్కారు తన హైదరాబాద్-కర్ణాటక జిల్లాలల్ల చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాలకులు మాత్రం చేయలె. మన చరిత్ర మనకు కావాలె అన్నది తెలంగాణ ఉద్యమంల పెద్ద ప్రశ్న అయ్యింది. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. ఇగ ప్రశ్న తీరుతదనుకుంటిమి. 2022ల ఒక్కటే రోజు రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా దినమన్నది, కేంద్ర సర్కారు విమోచన దినమన్నది. సర్కారు మారినంక 2024ల రాష్ట్రం ప్రజాపాలన దినమన్నది. కమ్యూనిస్టులల్ల కొందరు విలీనమంటరు, ఇంకొందరు విద్రోహమంటరు. రోజుకు పేరు పెట్టే కొట్లాటకు ఇంత బలమున్నది. ఆ రోజు కోసం చచ్చినోని పేరు వెతికే పనికి అందుల పావల వంతు బలం లేదు.

హైదరాబాద్ల గన్‌పార్కు స్తూపాన్ని చూడుండ్రి. 1969 అమరుల కోసం 1970ల పునాది పడ్డది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. అప్పుడు తెలంగాణకు తొమ్మిది జిల్లాలు. అందుకే ఆ తొమ్మిదిని గీతలల్ల, పూరేకులల్ల పెట్టిండు. అడుగున తూటా రంధ్రాల గుర్తులు చెక్కిండు. పాలకులకు ఇష్టం లేని కాలంల ఆ కళాకారుడు రాతితోని మాట్లాడించిండు. ఉద్యమంల మనం ఏ ఊరేగింపు మొదలుపెట్టినా ఆడికెళ్లే మొదలుపెట్టినం. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెద్ద ప్రమిద ఆకారంల అమరజ్యోతి వచ్చింది. మెరిసే ఉక్కుతోని కట్టిన్రు. మంచిదే. రాజధానిల రాష్ట్ర స్థాయి గుర్తు ఉండాలె. కని రాజధానిల జ్యోతి వెలిగింది కదా అని ఊర్ల బురుజును వానకు ఇడిసిపెడితె ఎట్ల? పరకాల తల్లి తన కొడుకు పేరు చదువుకునేందుకు హైదరాబాద్ బస్సెక్కాల్నా?

ఊరి స్తూపానికి ఇంకొక గుణమున్నది. రాజధాని స్మారకం ముందు మనం ప్రేక్షకులం. ఊరి స్తూపం ముందు చుట్టాలం. ఆ పేరు మన వాడకట్టోనిది. ఆ ఇంటిపేరు మన బడిల పక్క బెంచీ పిలగానిది. కులం సుత ఆడ్నే తెలుస్తది. దొడ్డి కొమురయ్య కురుమ బిడ్డ, 1946 జులై 4న కడవెండిల నేలకొరిగిండు. భూమి కోసం నిలబడ్డ చిట్యాల ఐలమ్మ చాకలి బిడ్డ. ఈ కొట్లాట ఎవరి చెమటతోని, ఎవరి నెత్తురుతోని నడిచిందో పుస్తకంల నాయకుల పేర్ల నడుమ దొరకకపోవచ్చు. ఊరి రాయి మీద దొరుకుతది. దొరకాలె.

ఇప్పుడు మన ఊర్లల్ల ఉన్న స్తూపాల కాడికి పోయి ఒక పని చేసి చూడుండ్రి. శిలాఫలకం చదువుండ్రి. ఆవిష్కరించిన మంత్రి పేరు పెద్ద అచ్చరాలల్ల ఉంటది. ముందట 'గౌరవనీయులు', ఎనుక పదవి. ఎమ్మెల్యే, ఎంపీ, జెడ్పీ చైర్మన్, సర్పంచ్, అందరి పేర్లుంటయి. అమరుల పేర్లు యాడున్నయి? చాన సోట్ల 'అమరవీరులకు జోహార్లు' అన్న ఒక్క పంక్తే ఉంటది. పానం ఇచ్చినోడు ఒక్క పంక్తిల, కత్తెరతోని రిబ్బన్ కోసినోడు పది పంక్తులల్ల!

అందుకే కొన్ని పనులు పెట్టుకుందాం. ఎవరి పర్మిషన్ అక్కరలేని పనులే.

విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెండ్లు మీ ఊర్ల ముసలోళ్ల కాడికి పోండ్రి. సెల్‌ఫోన్ అందరి చేతులల్ల ఉన్నది. వాళ్ల మాట రికార్డు చేయుండ్రి. అమరుని పేరు, ఇంటిపేరు, అమ్మ పేరు, నాయిన పేరు, ఏం పని చేసేటోడు, ఎన్నేండ్లు, ఏ తావుల చచ్చిండు, ఆ ఇంట్ల తర్వాత ఎవరు మిగిలిన్రు. ఆడోళ్లను తప్పక అడుగుండ్రి. చెరపట్టబడ్డ ఆడబిడ్డల పేర్లు రాతి మీదికి ఎక్కించొద్దు, వాళ్ల గౌరవం కాపాడాలె. దళాలకు బువ్వ మోసినోళ్లు, దెబ్బలు తిని నోరిప్పనోళ్లు, వాళ్ల పేర్లు మాత్రం రాయాలె. ఆనాటి కొట్లాట కండ్లార చూసినోళ్లు ఊరికి ఒక్కరో ఇద్దరో మిగిలిన్రు. వచ్చే ఏడాదికి ఉంటరో ఉండరో. ఈ పని రేపటికి ఏయొద్దు.

ఉద్యోగ మిత్రులు కాయితం దిక్కు చూడుండ్రి. తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది. నిజాం కాలం రికార్డులు ఆడ ఉన్నయి. చానామటుకు ఉర్దూ, ఫారసీల ఉన్నయి. మన తాతలకు ఉర్దూ వచ్చు, మనకు రాదు. నేర్చుకుందాం. ముసలోళ్లు చెప్పిన మాట, రికార్డుల ఉన్న మాట పక్కపక్కన పెడితె అప్పుడు ఏ ఆఫీసరు రుజువేదని అడగలేడు.

రెండు లెక్కలు కలిసినంక గ్రామసభల పేర్లన్ని చదవాలె. తప్పులుంటె ఊరే దిద్దుతది. తీర్మానం రాయించాలె. ఆ తర్వాతనే రాతి మీదికి ఎక్కించాలె. అమరుల పేర్లు పైన, సమానమైన అచ్చరాలల్ల. ఆవిష్కరించినోని పేరు రాయాలనే ఉంటె అడుగున, చిన్నగ. కింద కొంత జాగ ఖాళీగ ఇడవాలె. రేపు ఇంకొక పేరు దొరికితె చెక్కేందుకు. బురుజులున్న కాడ బురుజును బురుజు లెక్కనే కాపాడాలె. సిమెంటు పూసి రంగులేసి ఇమానం చేయొద్దు. తూటా దెబ్బ తిన్న గోడే అసలు శాసనం.

ఇది చిన్న పనని ఎవరన్న అంటె ఒక మాట చెప్పుండ్రి. నౌకర్లు రాలె, నీళ్లు రాలె, ఇప్పుడు రాళ్లెందుకు అని అడిగేటోళ్లుంటరు. నౌకర్లు కావాలె, నీళ్లు కావాలె, ఆ కొట్లాట ఇడిసిపెట్టేది లేదు. కని చచ్చినోన్ని పేరు పెట్టి పిలవని సర్కారు, బతికున్నోన్ని సుత అంకెగనే చూస్తది. నిరుద్యోగి ఒక అంకె, పాణం తీసుకున్న రైతు ఒక అంకె. పేరు రాయించుకునే అలవాటు స్తూపం కాడ నేర్చుకున్న ఊరు, ఎమ్మార్వో ఆఫీసుల సుత తల ఎత్తి మాట్లాడుతది.

పరకాల 56 ఏండ్లు ఆగింది. ఇంక రాయే లేని ఊర్లెన్నో ఉన్నయి. ఈ సభల ఉన్నోళ్లం తలా ఒక్క ఊరు పంచుకుందాం. వచ్చే సెప్టెంబర్ 2 నాటికి ఎవరి ఊరి పేర్లు వాళ్లు రాసి తీసుకొస్తె, ఆ రోజు ఉపన్యాసాలు బందు. పేర్లే చదువుకుందాం.

జోహార్ అమరులకు! జై తెలంగాణ!